పది నిమిషాల ప్రసంగానికి పాయింట్లు ఎలా రాసుకోవాలి?

పుత్తూరు_టీచరమ్మ
అందరికీ నమస్కారం. ఆగస్టు 29న తిరుపతిలో తెలుగు భాషా దినోత్సవం సభ ఒకటి ఉంది, అందులో వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి గురించి పది నిమిషాలు మాట్లాడమని నన్ను అడిగారు. నేను చెప్పేది జీవశాస్త్రం. క్లాసులో పీరియడంతా కాగితం చూడకుండా చెప్తాను గానీ మైకు, వేదిక, ముందు వరుసలో పెద్దవాళ్లు అనుకుంటేనే టెన్షన్. నాలుగు పేజీలు రాసి పెట్టుకున్నాను. మా ఆయన "చూసి చదివెయ్" అంటున్నారు, మా హెచ్చెమ్ గారేమో పాయింట్లు మాత్రం పెట్టుకోమన్నారు. ఇలా రాసుకున్నాను, సరిపోతాయా?

గిడుగు జీవిత విశేషాలు
వ్యావహారిక భాషోద్యమం
సవర అనే గిరిజన భాషకు చేసిన సేవ
అన్నమయ్య, మన తిరుపతి
నేటి తెలుగు పరిస్థితి
ముగింపు

చంద్రగిరి_కోట
టీచర్ గారూ, ఏమీ అనుకోకండి, ఇవి పాయింట్లు కావు, విషయసూచిక. "జీవిత విశేషాలు" అన్న మాట చూస్తే మీకేం గుర్తొస్తుంది? 1863లో పుట్టారు, పర్లాకిమిడిలో పనిచేశారు, 1940లో పోయారు. ఇందులో మీరు చెప్పదలచుకున్నదేమీ లేదు. పాయింటు అంటే క్రియ ఉన్న పూర్తి వాక్యం, ఎవరైనా "అవునా?" అనో "కాదే!" అనో అనగలిగిన వాక్యం. "గిడుగు మేష్టరు కాబట్టే పుస్తకంలో తెలుగుకీ పిల్లల నోట్లో తెలుగుకీ ఉన్న దూరం ఆయనకు కనబడింది" అని రాసి చూడండి. దాని కింద ఏం రావాలో మీకే తెలిసిపోతుంది: పర్లాకిమిడి బడి, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ యేట్స్ దొర రావడం, మీరు మాట్లాడే తెలుగు ఒకటీ పాఠాల్లో తెలుగు ఒకటీ ఎందుకని ఆయన అడగడం.

డిగ్రీ కాలేజీలో వక్తృత్వ పోటీలకు చాలా ఏళ్లు పిల్లల్ని తయారుచేశాను. వాళ్లకు చెప్పిందే మీకూ చెప్తాను. కాగితాలు రెండు ఉండాలి. ఇంట్లో కాగితం వేరు, వేదిక కాగితం వేరు. ఇంట్లో కాగితంలో అన్నీ పూర్తి వాక్యాలే. పైన ఒకే ఒక వాక్యం, సభ నుంచి ఇంటికి పోయేవాళ్లకు ఏది గుర్తుండాలో అది. దాని కింద రెండో మూడో ప్రధాన వాక్యాలు, ఒక్కొక్కదాని కింద ఆధారం, అంటే ఒక సంఘటనో, పేరో, సంవత్సరమో. ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకు ఎలా వెళ్తారో ఆ లింకు వాక్యం కూడా రాయాలి, మనవాళ్లు సరిగ్గా దాన్నే వదిలేసి "అదేవిధంగా" అని అతికించేస్తారు. లింకు వాక్యం ఎంతకీ రాయలేకపోతున్నారంటే ఆ రెండింటికీ సంబంధం లేదని, ఒకటి తీసేయాల్సిందే. ఇదంతా అయ్యాకే వేదిక కాగితం. అందులో పాయింటుకు రెండు మూడు మాటలు చాలు. ఇంట్లో పూర్తిగా ఆలోచించారు కాబట్టే చాలుతాయి. నేరుగా రెండు మాటలతో మొదలుపెట్టినవాళ్లు ఆ ఆలోచనంతా మైకు ముందు నిలబడి చేయాల్సొస్తుంది.

వేదిక_వెనకాల
చంద్రగిరి సార్ చెప్పింది నిజం. సభలకు మైకులు, కుర్చీలు చూసుకునే పని మాది, వక్తల్ని వెనక నుంచి వింటుంటాను. పాయింటు లేకుండా వచ్చినవాళ్లను మొదటి వాక్యంలోనే పట్టేయొచ్చు. "ఈనాడు ఇక్కడ జరుగుతున్నటువంటి, మనందరికీ ఎంతో ఆనందాన్ని కలిగిస్తున్నటువంటి, ఈ యొక్క కార్యక్రమానికి విచ్చేసినటువంటి..." మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కదా, ఆ క్రియ ఏమిటో తెలియకుండా బయల్దేరినవాళ్లు అది దొరికేదాకా టువంటి మీద టువంటి వేసుకుంటూ పోతారు. వ్యావహారిక భాష గురించి మాట్లాడే సభల్లో కూడా ఇదే వరస, అదీ తమాషా.

తోతాపురి_రైతు
నేను చదువుకున్నది తక్కువే, కానీ ఒకటి చెప్తాను. 2025 సీజన్లో మామిడికాయ ధర పడిపోయినప్పుడు అధికారులతో మీటింగు పెట్టారు, మా ఊరి తరఫున నన్ను మాట్లాడమన్నారు. వే బ్రిడ్జి చీటీ వెనకాల మూడే మాటలు రాసుకున్నా. ధర, క్యూ, డబ్బు. ధర దగ్గర మాత్రం "ఫ్యాక్టరీ 8 + ప్రభుత్వం 4 = 12" అని కిలోకు రూపాయల అంకెలు కూడా వేసుకున్నా, ఎందుకంటే కోపంలో ఉన్నప్పుడు మాట వస్తుంది గానీ అంకె రాదప్పా. నాకంటే ముందు లేచినాయన మామిడి చరిత్ర మొత్తం చెప్పుకొచ్చాడు, అందరూ ఫోన్లు చూసుకుంటా ఉన్నారు. నేను లేచి "సార్, లోడు ట్రాక్టరు క్యూలో నిలబడి ఉండాది, కాయ మగ్గిపోతా ఉండాది, ఈ రెండిట్లో ఏది ముందు కదుల్తుందో చెప్పండి" అన్నా. నేను చానా సేపు మాట్లాడలేదు. అధికారులు రాసుకున్నారు.

అక్కా, మీ లిస్టులో ఆరు ఉండాయి. మూడుకు తీసుకురండి.

అలిపిరి_మెట్లు
తోతాపురి అన్న మాటకు ఒక తోక. 1956లో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు మనిషి ఒకేసారి మనసులో పట్టుకోగలిగేవి ఏడుకు కాస్త అటూ ఇటూ అన్నాడు, 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్క నాలుగు దగ్గరే ఆగుతుందన్నాడు. అవి ప్రసంగాల మీద చేసిన ప్రయోగాలు కావు, నిజమే, కానీ ఆరు పాయింట్లు వినేవాళ్లకు ఎక్కువే అనడానికి ఆ మాత్రం చాలు.

బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు ప్రసంగాలు సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకు వెళ్లేదాన్ని. 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టింది. అక్కడ మామూలు ప్రసంగం 5 నుంచి 7 నిమిషాలు, అయిదో నిమిషానికి పచ్చ లైటు, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు. ఆ లైట్లకు అలవాటుపడితే అవుట్‌లైన్ దానంతటదే చిన్నదవుతుంది. ఇంకో మాట, ఇంగ్లీషు పుస్తకాల్లో నిమిషానికి 120 నుంచి 150 మాటలు అని ఉంటుంది, ఆ లెక్క పెట్టుకుని తెలుగులో రాస్తే దెబ్బతింటాం. మన మాటలు పొడుగు. ఇంగ్లీషులో అయిదు మాటల్లో చెప్పేదాన్ని "వెళ్లలేకపోయానంటున్నాడు" అని ఒక్క మాటలో అనేస్తాం. కాబట్టి మాటలు లెక్కపెట్టకండి, ఫోన్లో రికార్డు పెట్టి ఒక్క పాయింటు మాత్రం నిలబడి గట్టిగా చెప్పి చూడండి. కూర్చుని మనసులో చదువుకుంటే వచ్చే టైము దేనికీ పనికిరాదు.

గంగమ్మ_వీధి
ఏంటండీ ఈ గొడవంతా. మనసులో విషయం ఉంటే మాట అదే వస్తుంది. మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో మాట్లాడేటప్పుడు ముందున్న కాగితం పక్కన పెట్టేసి "నాకొక కల ఉంది" అని అందుకున్నాడు కదా. ప్రపంచానికి గుర్తున్నది ఆ భాగమే. రాసుకున్నది ఎవరికి గుర్తుంది? అవధానులు ఏ చీటీ పెట్టుకుంటారు?

చంద్రగిరి_కోట
ఈ ఉదాహరణ ఎవరో ఒకరు తెస్తారని ఎదురుచూస్తున్నాను. 1963 ఆగస్టు 28 నాటి మాట అది. కల గురించిన భాగం ఆ రోజు కాగితంలో లేదన్నది నిజమే, దగ్గర్లో ఉన్న గాయని మహాలియా జాక్సన్ కల గురించి చెప్పమని కేకేసిందనీ అంటారు. కానీ అంతకు రెండు నెలల ముందు, జూన్‌లో, డెట్రాయిట్‌లో ఆయన ఆ కల గురించే సభలో చెప్పాడు. అంటే అప్పటికప్పుడు పుట్టింది కాదు, నోట్లో నానింది. పైగా ఆయన ఆదివారం ఆదివారం ప్రసంగించే పాస్టరు. కాగితం వదిలే హక్కు అలాంటివాళ్లకు వస్తుంది. మన టీచర్ గారు తొలిసారి సభలో మాట్లాడబోతూ ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకోవడం ప్రమాదం.

అవధానమంటారా, అది ఇంకా మీకు వ్యతిరేకంగా వెళ్తుంది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన ఇలా ఎవరి అంశం ఏమిటో, ఏ వరసలో పృచ్ఛకులు అడుగుతారో ముందే తెలుసు. పద్యం నాలుగు పాదాలుగా కట్టి, పాదం పాదం వేరుగా అప్పజెప్పి చివర్లో ధారణ చేస్తారు, అంటే అన్నీ గుర్తుంచుకుని కలిపి చెప్తారు. చీటీ చేతిలో లేదంతే, చట్రం గట్టిగా ఉంది. చట్రం లేకుండా వదిలిపెట్టిందల్లా అప్రస్తుత ప్రసంగం ఒక్కటే, దాని పేరే చెప్తోంది కదా అది ఏమిటో.

గంగమ్మ_వీధి
అప్రస్తుత ప్రసంగం కోసమే జనం వస్తారు సార్ 😀 సరే, పాస్టరు మాట ఒప్పుకుంటాను. కాగితంలోకి తల దించి చదివేవాళ్లంటేనే నాకు చిరాకు, చీటీ అంటే కాదు.

కొర్లగుంట_కుర్రోడు
ఫోన్లో నోట్స్ పెట్టుకోవచ్చు కదా టీచర్? పేపర్ ఎందుకు? లేకపోతే పీపీటీ వేస్తే అందులోనే పాయింట్లు ఉంటాయి.

వేదిక_వెనకాల
తమ్ముడూ, ఫోన్ వద్దు. మధ్యలో స్క్రీన్ ఆరిపోతుంది, వేలుతో గీకుతూ వెతుక్కుంటుంటే వినేవాళ్లకు వాట్సాప్ చూస్తున్నట్టుంటుంది, సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేస్తారు. స్లైడు మీదున్నవి జనం కోసం, చీటీ మీదున్నవి మీ కోసం. రెండూ ఒకటే చేస్తే మీరు జనానికి వీపు పెట్టి గోడ చదువుతారు.

కాగితం కూడా పల్చటిది వద్దు, వేదిక పక్కన పెడస్టల్ ఫ్యాన్ ఉంటుంది, ఎగిరిపోతుంది. అట్ట ముక్కలు తీసుకోండి. ఇంట్లో పాత పెళ్లి పత్రికలు ఉంటాయిగా, ఖాళీగా ఉన్న వైపు పోస్టుకార్డు సైజులో కత్తిరిస్తే సరిగ్గా సరిపోతుంది. ఒక్క వైపే రాయండి, మూలన 1, 2, 3 అని నంబర్లు వేయండి, చేయి చాచి పట్టుకుంటే కనబడేంత అక్షరం. వేదిక మీద లైటు మన మొహం మీద ఉంటుంది, కాగితం మీద ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి, ఇది ఎవరూ చెప్పలేదు. మీకు పది నిమిషాలు దొరకవు. ఐదింటి సభ ఆరుకు మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలవడం, శాలువాలు, మెమెంటోలు, ప్రతి శాలువాకూ ఒక ఫొటో, ఫొటోలో లేనివాళ్ల కోసం ఇంకో ఫొటో. ముఖ్య అతిథి ఇంకో కార్యక్రమానికి వెళ్లాలంటారు, ఆయన్ని ముందు మాట్లాడిస్తారు, ఆయన ముప్పావు గంట తీసుకుంటారు. మీ వంతు వచ్చేసరికి అధ్యక్షుల వారు వంగి "అమ్మా, నాలుగు నిమిషాల్లో" అంటారు. ఒక్కోసారి మాట్లాడుతుండగానే చీటీ వస్తుంది. నాలుగు పేజీలు రాసుకొచ్చినవాళ్లు అప్పుడు చేసే పని రెండు రకాలు. కొందరు అదే నాలుగు పేజీలు గూడ్సు బండికి ఎక్స్‌ప్రెస్ ఇంజను పెట్టినట్టు లాగించేస్తారు, కొందరు "సమయాభావం వల్ల" అని మొదలుపెట్టి సమయం ఎందుకు లేదో చెప్పడంలోనే ఉన్న సమయం అవగొడతారు.

కాబట్టి చీటీ మీద ప్రతి పాయింటు పక్కనా ముందే గుర్తు పెట్టుకోండి. ఎర్ర గీత ఉన్నది ఏం జరిగినా చెప్పాల్సింది, గీత లేనిది పోయినా పరవాలేదు. పదికీ నాలుగుకీ రెండు ప్రసంగాలు రాసుకోనక్కర్లేదు, ఎర్ర గీతలు మాత్రమే చదివితే నాలుగు నిమిషాలు రావాలి. గీత ఎక్కడ వేయాలన్నది ఇంట్లో ఆలోచించాలి, అధ్యక్షుల వారు చెవిలో చెప్పాక కాదు.

అలిపిరి_మెట్లు
ఈ పోస్టు ప్రింటు తీసి గోడకు అంటించుకోవాలి.

పెనుమూరు_భారతం
వేదిక గారు చెప్పిన ఎర్ర గీత పద్ధతి మా వైపు హరికథ చెప్పేవాళ్లకు పుట్టుకతో వచ్చు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి నాటకం, చివరి రోజు దుర్యోధన వధ. ఆ రోజు కథ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మారదు, ఎందుకంటే రాత్రి నాటకం అక్కడి నుంచి అందుకోవాలి. మధ్యలో పిట్టకథలు మాత్రం భాగవతార్ ఇష్టం. జనం నిండుగా ఉంటే మూడు, ఎండకు కునుకు తీస్తుంటే నవ్వించేది ఒకటి, వాన మబ్బు పడితే ఒక్కటీ లేదు. కథ మాత్రం ఆగాల్సిన చోటే ఆగుతుంది.

టీచరమ్మా, మీ ప్రసంగంలో అన్నమయ్య ఏది? కథా, పిట్టకథా?

పుత్తూరు_టీచరమ్మ
ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. రాత్రి కూర్చుని ఇంట్లో కాగితం మళ్లీ రాశాను. పైన పెట్టిన ఒక్క వాక్యం: "పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటకు బడిలో చోటు ఉండాలని గిడుగు పట్టుబట్టారు." ఇది రాశాక ఒకటి గమనించాను, సవర భాష సంగతి వేరే పాయింటు కాదు, అదే వాక్యానికి రెండో ఆధారం. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరల మాట నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. తెలుగు పిల్లల విషయంలో అన్నదే సవర పిల్లల విషయంలోనూ అన్నారన్నమాట. ఇదివరకు రెండూ వేర్వేరు అధ్యాయాల్లా ఉండేవి.

"నేటి తెలుగు పరిస్థితి" తీసేశాను, అందులో నేను రాసిందంతా పేపర్లో వచ్చేదే. అన్నమయ్యను మాత్రం వదలలేను. తిరుపతిలో మాట్లాడుతూ, తిరుమల సంకీర్తన భండారంలో దొరికిన, ఆయన పాటలు చెక్కిన రాగి రేకుల ఊసెత్తకుండా ఎలా? అవి పుస్తకాలుగా రావడానికి వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు పడ్డ శ్రమ గురించి అర పేజీ రాసుకున్నాను కూడా.

చంద్రగిరి_కోట
ఆ అర పేజీ అద్భుతమే అయ్యుంటుంది, కానీ అది వేరే ప్రసంగం. మీ పై వాక్యంలో బడి ఉంది, పిల్లలు ఉన్నారు. రాగి రేకుల ముద్రణకు అందులో చోటు లేదు. తీసేయండి.

గంగమ్మ_వీధి
సార్, మీరు చంద్రగిరిలో ఉండి ఈ మాట అంటారా! తిరుపతి సభలో అన్నమయ్య పేరు వినగానే జనం తల ఎత్తుతారు. ముందు వాళ్లు తల ఎత్తాలి కదా, తర్వాతే గిడుగైనా ఎవరైనా.

పెనుమూరు_భారతం
ఇద్దరి మాటా నెగ్గే దారి ఉంది. ముద్రణ సంగతి పోనివ్వండి. 1503లో పోయిన అన్నమయ్య ఆ రోజుల్లోనే జనం నోట్లో మాటల్ని పాటల్లో పెట్టి దేవుడి ముందు పాడాడు, నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా అవే మాటలు బడిలోకి రావడానికి గిడుగు పోరాడాల్సొచ్చింది. రెండే వాక్యాలు. మొదట్లో పెడితే తల ఎత్తిస్తుంది, నేరుగా గిడుగు దగ్గరికి తీసుకెళ్తుంది. ఎర్ర గీత మాత్రం వేయకండి.

ఇంకోటి అడుగుతాను. "నేటి పరిస్థితి" పోయింది సరే, మీ సొంత మాట ఎక్కడుంది? పుత్తూరు బళ్లో మీకు కనిపించేదేమిటి?

పుత్తూరు_టీచరమ్మ
మా వైపు చాలామంది పిల్లల ఇంట్లో అరవం. బడికొచ్చి తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. కిరణజన్య సంయోగక్రియ అని బోర్డు మీద రాస్తే అందరూ ఎక్కించుకుంటారు, అర్థం అడిగితే తల దించుకుంటారు. "ఆకు ఎండలో వంట చేసుకుంటుంది, మీ ఇంట్లో దీన్ని ఎలా చెప్తారు?" అంటే ఒకరు అరవంలో చెప్తారు, ఒకరు మన చిత్తూరు యాసలో చెప్తారు, అక్కడి నుంచి పాఠం నడుస్తుంది. ఇది ప్రసంగంలో పెట్టొచ్చా? చిన్న విషయం అనుకుని రాయలేదు.

తోతాపురి_రైతు
అక్కా అదే కదా అసలు పాయింటు! దానికి రెండు ఎర్ర గీతలు వెయ్యండి.

అలిపిరి_మెట్లు
మేడమ్, ఇది వింటుంటే నాకే బడి గుర్తొచ్చింది. దీన్ని ఆఖరున పెట్టండి. మొదటి రెండు వాక్యాలు, చివరి ఒక్క వాక్యం మాత్రం అట్ట మీద పూర్తిగా రాసుకోండి. మొదట్లో గొంతు వణుకుతుంది, అప్పుడు ఆలోచించే పని ఉండకూడదు. చివర్లో ఎలా ఆపాలో తెలియకే చాలామంది మళ్లీ మొదటికి పోతారు. మధ్యలో అంతా రెండేసి మాటలే.

పుత్తూరు_టీచరమ్మ
ఇదీ వేదిక కాగితం. మూడు అట్టలు. ఎర్ర గీత వేసినవాటికి పక్కన "గీత" అని రాస్తున్నాను.

1. "అందరికీ నమస్కారం. ఐదు వందల ఏళ్ల కిందట మన కొండ మీద ఒకాయన వీధిలో మాటల్ని గుడిలో పాడాడు." (పూర్తిగా చదవాలి)
అన్నమయ్య నుంచి గిడుగు. 1503, 1863.
పర్లాకిమిడి మేష్టరు, యేట్స్ ప్రశ్న. గీత

2. సవర కొండలు. వ్యాకరణం 1931, నిఘంటువు 1938.
అదే పట్టు, ఇంకో భాష. గీత
(ఇక్కడ ఆగి నీళ్లు తాగాలి)

3. పుత్తూరు క్లాసు, ఆకు, అరవం. గీత, గీత
మన కర్తవ్యం
ముగింపు

వేదికను అలంకరించిన పెద్దల పేర్లు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

వేదిక_వెనకాల
పేర్లు మీ ముందు మాట్లాడినవాళ్లంతా చదివే ఉంటారు. "సభకు నమస్కారం" అంటే చాలు, అధ్యక్షుల వారి పేరు ఒక్కటీ చెప్పండి. మొత్తం లిస్టు చదివితే మీ నాలుగు నిమిషాల్లో ఒకటి అక్కడే పోతుంది, ఒక పేరు మరిచిపోతే ఆయన అలుగుతారు కూడా.

చంద్రగిరి_కోట
బాగా వచ్చింది. రెండో అట్టలో సంవత్సరాలు మీ ధైర్యానికి ఉంచుకోండి, నోటితో రెండూ చెప్పకండి, ఒకటి చాలు. మూడో అట్టలో "మన కర్తవ్యం" అని మళ్లీ విషయసూచిక వచ్చింది చూశారా? ఎవరు ఏం చేయాలో చెప్పేదుంటే ఆ వాక్యం రాయండి, లేకపోతే కొట్టేయండి. "ముగింపు" అన్న మాట కూడా అంతే, ఆ చోట మీరు నిజంగా పలకబోయే వాక్యం ఉండాలి.

పుత్తూరు_టీచరమ్మ
"మన కర్తవ్యం" కొట్టేశాను సార్. చివరి వాక్యం ఇలా రాశాను: "రేపు మీ క్లాసులో ఒక పాఠం దగ్గర ఆగి, దీన్ని మీ ఇంట్లో ఎలా చెప్తారని పిల్లల్ని అడగండి." సభకు వచ్చేవాళ్లలో సగం మంది టీచర్లే. ఇప్పుడు నిలబడి రికార్డు చేస్తే మొత్తం ఏడున్నర నిమిషాలు వచ్చింది, పదికి రావాలంటే ముద్రణ సంగతి మళ్లీ కలపనా?

వేదిక_వెనకాల
కలపకండమ్మా. ఏడున్నరకే దిగిపోతే అధ్యక్షుల వారు మీకు ఇంకో శాలువా కప్పుతారు.